గురువారం మధ్యాహ్నం గోడౌనులో

మా ఆయన నోటి నుంచి అవుననో కాదనో సూటిగా ఒక్క మాట వినాలని కాపురానికి వచ్చిన కొత్తలో చాలా ఆశపడ్డాను. తర్వాత మానేశాను. ఆయన ఏది అడిగినా "చూద్దాం" అంటారు. పెసరట్టు వెయ్యనా ఉప్మా చెయ్యనా అన్నా చూద్దామే, అమ్మాయికి ఈ సంబంధం ఖాయం చేసుకుందామా అన్నా చూద్దామే. పెళ్ళయిన మర్నాడు నేను నచ్చానా అని అడిగితే ఏమన్నారో ఇక్కడ రాయను, మీరే ఊహించుకోండి.

తప్పు ఆయనది కాదు, వ్యాపారానిది. మాది నూజివీడులో మామిడి కమీషను కొట్టు. మా మామగారి కాలంలో రైతు చెయ్యీ వ్యాపారి చెయ్యీ ఒకే తువ్వాలు కింద దూర్చి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారట. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా బేరం ఎంతకి తెగిందో ఒక్కడికీ తెలిసేది కాదు. ఎవరి మొహంలోనూ ఏదీ కనపడకూడదు, అదే వ్యాపార లక్షణం. ఇప్పుడు ధరలన్నీ ఫోన్లోనే తిరుగుతున్నాయి. కానీ మా ఆయన భుజమ్మీద తువ్వాలు అలాగే ఉంది, ఆయన మాటల మీద కూడా.

నేను పూర్తిగా ఇంకో రకం. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. కోపం వస్తే వచ్చిందని చెబుతాను, రాకపోతే ఎందుకు రాలేదా అని ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. మా ఇద్దరికీ ఎలా కుదిరిందని మా చెల్లెలు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. ఒకళ్ళు అరిస్తే ఒకళ్ళు వినాలి కదా, అలా కుదిరింది.

కిందటేడు వానలు మొదలైన రోజుల్లో మా పక్కింటి సిస్టరుగారు ఇటుక రాయంత పుస్తకం ఒకటి పట్టుకుని వచ్చారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఎప్పుడో ఉద్యోగం మీద తెలంగాణ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. పుట్టింటివాళ్ళది మెథడిస్టు సంఘం. మా వైపు చర్చిలకు కొదవ లేదు గానీ మెథడిస్టులు మాత్రం వెతికితే గానీ దొరకరు. ఆదివారం ఆవిడ దగ్గర్లో ఉన్న ఇంకో చర్చికి వెళ్ళి వస్తారు. "అద్దింట్లో ఉన్నట్టుంటుంది మేడమ్, బాగానే ఉంటుంది, కానీ మేకు కొట్టాలంటే ఆలోచించాలి" అంటారు.

ఆ పుస్తకంలో మెథడిజం మొదలుపెట్టిన అన్నదమ్ములిద్దరి దినచర్యలు, ఉత్తరాలు, ప్రసంగాలు ఉన్నాయి. ఆవిడ పుట్టింటి ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం వాళ్ళు అందులో ముఖ్యమైనవి ఏరి తెలుగులో చిన్న పుస్తకం వెయ్యాలనుకున్నారట. పాత ఇంగ్లీషు, ఎవరికీ కొరుకుడు పడటం లేదు.

"నేనెందుకండీ? మా పూజగదిలో అమ్మవారు చూస్తే ఏమనుకుంటుంది?" అన్నాను, సగం వేళాకోళంగానే.

"మిమ్మల్ని మతం మార్చుకోమనడం లేదు మేడమ్, భాష మార్చి పెట్టమంటున్నాను" అన్నారావిడ. నేను నవ్వి పుస్తకం అందుకున్నాను.

మొదట ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన మీద నాకు ఒళ్ళు మండింది. చదువుకునే రోజుల్లోనే గంట గంటకీ ఏం చేశాడో రాసుకునేవాడు. తెల్లవారకముందే లేచేవాడు, లోకాన్నంతా లేపేవాడు. తోటి విద్యార్థులు ఈ పద్ధతి చూసి వెక్కిరింతగా పెట్టిన పేరే మెథడిస్టులు, అంటే పద్ధతిగాళ్ళు. ఆ వెక్కిరింతనే వాళ్ళు ఇంటిపేరులా పెట్టుకుని తిరిగారు. ఇలాంటి మగవాణ్ణి ఏ ఆడది భరిస్తుందా అనుకున్నాను. కొన్ని పేజీలు పోయాక తెలిసింది, కట్టుకున్నావిడ భరించలేక వెళ్ళిపోయిందని. తమ్ముడు కొంచెం నయం. ఆయన గుర్రమ్మీద వెళుతూ వెళుతూ పాటలు కట్టేవాడట. వేల పాటలు రాశాడు, ఇల్లూ వాకిలీ కూడా చక్కగా చూసుకున్నాడు.

పెద్దాయన మీద కోపం ఎప్పుడు తగ్గిందో చెప్పగలను. చర్చిల్లో మాట్లాడనివ్వకపోతే ఆయన పొలాల్లోకి, బొగ్గు గనుల దగ్గరికి వెళ్ళాడు. గోడలు లేని చోట దేవుడి మాట చెప్పడం మొదట్లో ఆయనకే సిగ్గనిపించింది. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. సొంత ఊళ్ళో తండ్రి పనిచేసిన చర్చిలో కూడా ఒప్పుకోకపోతే, బయట తండ్రి సమాధి మీద ఎక్కి నిలబడి మాట్లాడాడు. జనం విరగబడి వచ్చారు. ఇది ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆయనకు చెప్పాను. మైకుల్లేని రోజుల్లో వేలమందికి వినపడేలా, అదీ రోజుకి రెండు మూడు చోట్ల మాట్లాడేవాడట అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ ఆగి, "గొంతు పోలేదా ఆయనకి?" అని అడిగారు.

నేను పుస్తకాల గురించి ఏం చెప్పినా ఊ కొట్టడమే గానీ ఆయన ఎప్పుడూ ప్రశ్న వేసి ఎరగరు. పోన్లే, ఆసక్తి కలిగింది అని సంతోషపడ్డాను. ఆ ప్రశ్న ఎందుకడిగారో అప్పుడు తోచలేదు.

నన్ను నిజంగా పట్టేసింది మాత్రం ఆ అన్నదమ్ముల తల్లి. మూడొందల ఏళ్ళ కిందటి మనిషి. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని సంసారం. పిల్లలందరికీ తనే చదువు చెప్పింది. అదికాక వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకి కేటాయించి, ఆ బిడ్డనొక్కదాన్నే కూర్చోబెట్టుకుని మనసులో ఏముందో అడిగేది. పెద్దాయన వంతు గురువారం. పెరిగి పెద్దవాడై ఊళ్ళు తిరిగే రోజుల్లో కూడా ఆ గురువారం సాయంత్రాల కోసం ఆయన బెంగపడ్డాడు. అంతమంది పిల్లల్లో తనని ఒక్కణ్ణే కూర్చోబెట్టి 'ఎలా ఉన్నావు నాయనా' అని అడిగే గంట అది. అది తర్జుమా చేసిన రోజు నేను చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నన్నెవరైనా అలా అడిగారా? నేనెవరినైనా అడిగానా? క్లాసులో అటెండెన్సు తప్ప ఏదీ అడిగిన గుర్తు లేదు.

ఆ ఇంటాయన పాస్టరు. ఆయన పనిమీద పట్నంలో ఉండిపోయిన ఒక చలికాలం, ఈవిడ ఆదివారం సాయంత్రాలు వంటింట్లో పిల్లల్నీ పనివాళ్ళనీ కూర్చోబెట్టి ప్రసంగాలు చదివేది. పక్కవాళ్ళు మేమూ వస్తామన్నారు. వాళ్ళ పక్కవాళ్ళు కూడా వచ్చారు. ఇంట్లో చోటు చాలనంత మంది అయ్యారు. భర్త బదులు చర్చి చూసుకుంటున్న చిన్న పాస్టరుకి ఇది గిట్టలేదు. పట్నానికి ఉత్తరం రాశాడు. భర్త భయపడి, నలుగురూ ఏమనుకుంటారో, మానేస్తే బాగుంటుందేమో అని భార్యకి రాశాడు.

ఆవిడ తిరిగి ఏం రాసిందంటే, మానేస్తే బాగుంటుందని నాకు చెప్పకండి, అది సరిపోదు. మానెయ్యమని ఖచ్చితంగా ఆజ్ఞ ఇవ్వండి. రేపు దేవుడి ముందు ఇంతమందిని ఎందుకు వదిలేశావని అడిగితే నా మీద తప్పు ఉండకూడదు. ఆ ఆజ్ఞ మాత్రం ఆయన దగ్గర్నుంచి రాలేదు. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. సిస్టరుగారింటికి పరుగెత్తి చదివి వినిపిస్తే ఆవిడ నవ్వి, "మేం చిన్నప్పటి నుంచీ విన్న కథే మేడమ్. కానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు" అన్నారు.

మా గురువారాలు అలా మొదలయ్యాయి. పెద్దాయన తన వెంట వచ్చినవాళ్ళని చిన్న చిన్న గుంపులుగా చేశాడు. ప్రతి గుంపూ వారానికోసారి కలుస్తుంది. పెద్ద ప్రసంగాలేమీ ఉండవు. ఈ వారం నీ ఆత్మ ఎలా ఉంది అని ఒక్కొక్కళ్ళనీ అడుగుతారు, వాళ్ళు చెబుతారు. అంతే. మాకూ అలాంటిది ఉంటే ఎంత బాగుండును అన్నాను. పెట్టుకుందాం అన్నారు సిస్టరుగారు. దేవుడు ఎవరికి వారు, ప్రశ్న మాత్రం అందరిదీ అని ఒప్పందం చేసుకున్నాం. ఆత్మ అంటే కొందరు బెదిరిపోతారని 'ఈ వారం మీ మనసెలా ఉందండీ' అని మార్చాం. సలహాలు ఇవ్వకూడదు. విన్నది బయట చెప్పకూడదు. ఈ రెండూ పాటించడానికి నేను నానా తంటాలు పడ్డాను.

చోటు మా కొట్టు వెనక గోడౌను. కాయల కాలం అయిపోయాక అది ఖాళీ. ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు బోర్లించుకుని కూర్చునేవాళ్ళం. ఎన్నాళ్ళయినా పోని పండు వాసన, మూల కాస్త వరిగడ్డి. మొదట ఇద్దరమే. తర్వాత రెడ్డిగూడెంలో మామిడి తోటలున్న రైతు భార్య ఒకావిడ వచ్చింది. నాకంటే పెద్దది, వదినగారూ అని పిలుస్తాను. టైలరింగు చేసే అమ్మాయి వచ్చింది. ఇంకా కొందరు. వదినగారు మొదటివారం "బానే ఉందమ్మా" అంది. రెండోవారం "బానే ఉంది" అని కాసేపాగి, "పోయినేడు పూత రాలిపోయిన కాడ్నించి ఆయన నాతో మాట్టాడ్డం లేదమ్మా. నా మీద కోపమేమో అనుకున్నా, తోట మీద కోపమంట" అంది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మనసెలా ఉందని అడిగినవాళ్ళు లేరంది.

గోడౌనుకీ కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఆనుకునే మా ఆయన కూర్చునే చోటు. గల్లాపెట్టె పైన వాళ్ళన్నగారి ఫొటో ఉంటుంది. మా బావగారు పోయి చాలా ఏళ్ళయింది, ఫొటోకి పూలదండ మాత్రం రోజూ మారుతుంది.

ఈలోగా ఆయన బొంగురు గొంతు బాగుపడలేదు. కాయల కాలంలో లారీల దగ్గర అరిచి అరిచి గొంతు పోవడం ఏటా ఉన్నదే, వానలు పడేసరికి మామూలవుతుంది. ఈసారి దసరా వచ్చినా కాలేదు. డాక్టరుకి చూపిద్దామంటే చూద్దాం అన్నారు. పెద్దాయన రాసిన వాటిలో ఇంటి వైద్యం పుస్తకం కూడా ఒకటుంది. వైద్యుడి దగ్గరికి వెళ్ళే స్తోమత లేనివాళ్ళ కోసం రాశాడు. అందులో బొంగురు గొంతుకి మందు ఉంది. వెల్లుల్లి, పందికొవ్వు కలిపి బాగా నూరి పడుకోబోయే ముందు నిప్పు దగ్గర అరికాళ్ళకి రుద్దాలట. తెల్లారేసరికి గొంతు వచ్చేస్తుందట. గొంతుకీ అరికాలుకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. మా ఇంట్లో ఆ కొవ్వు మాట ఎత్తితే మా అత్తగారు పైనుంచి దిగి వస్తుంది కాబట్టి నువ్వులనూనెలో నూరాను. మా ఆయన కిక్కురుమనకుండా కాళ్ళు చాపారు. ఏమిటిది అని కూడా అడగలేదు. గదంతా పచ్చడి కంపు కొట్టింది, గొంతు మాత్రం రాలేదు. మామూలుగా అయితే ఇలాంటివాటికి ఆయన లేచి వెళ్ళిపోతారు. ఆ రోజు అంత బుద్ధిగా ఎందుకు కూర్చున్నారో నాకు అనుమానం రావలసింది.

సంక్రాంతి దాటి తోటల్లో పూత విరగబూసిన రోజుల్లో, ఒకరోజు భోజనం దగ్గర నెమ్మదిగా కదిపారు.

"ఆ గోడౌనులో... గురువారాలు... కాస్త తగ్గిస్తే బాగుంటుందేమో."

"ఏం?"

"ఏం లేదు. నలుగురూ ఏదో అనుకుంటారని."

నాకు చర్రుమంది. సరిగ్గా ఆ పాస్టరు తన భార్యకి రాసిన మాటే! గరిటె కింద పెట్టి, ఆ తల్లి రాసింది రాసినట్టు అప్పజెప్పాను. "బాగుంటుందేమో అంటే కుదరదండీ. మానెయ్యి అని ఖచ్చితంగా చెప్పండి. అప్పుడు మానేస్తాను. రేపు వదినగారు ఎందుకు మానేశారమ్మా అంటే మా ఆయన మానెయ్యమన్నారు అని మీ పేరే చెబుతాను."

ఆయన నా మొహంలోకి చూశారు. "చూద్దాం" అన్నారు, ఆ బొంగురు గొంతుతో. నేను గెలిచాననుకుని పెరుగు వడ్డించాను.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఆయన తిండి తగ్గింది. సిస్టరుగారు గోడ మీంచి ఆయన మాట విని, "అన్నయ్యగారికి గొంతు ఇన్నాళ్ళు అలా ఉండకూడదు మేడమ్, చూపించండి" అని నాకు రెండు మూడుసార్లు చెప్పారు. నేను వెళ్ళి ఆయన మీద అరిచాను. ఆయన తువ్వాలు సర్దుకున్నారు.

ఆ గురువారం నేను కొత్తగా తర్జుమా చేసిన భాగం చదువుతున్నాను. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఓడమీద దూరదేశం వెళ్ళాడు. నడిసముద్రంలో తుఫాను. తెరచాప చిరిగిపోయింది, నీళ్ళు ఓడలోకి వచ్చిపడ్డాయి. జనం గావుకేకలు పెట్టారు. అదే ఓడలో ఉన్న కొందరు జర్మనులు మాత్రం పాడుతున్న పాట ఆపలేదు. తుఫాను తగ్గాక ఆయన వాళ్ళలో ఒకతన్ని అడిగాడు, మీకు భయం వెయ్యలేదా అని. లేదన్నాడతను. మీ ఆడవాళ్ళకి, పిల్లలకి? వాళ్ళకీ లేదన్నాడు. అందరికీ దేవుణ్ణి గురించి చెప్పడానికి బయల్దేరిన తను మాత్రం చావుకి భయపడ్డాడు. అది ఆయన దాచుకోలేదు. తన పుస్తకంలో తనే రాసి, అచ్చు వేసి అందరి చేతా చదివించాడు. అంత పద్ధతిగాడు, అంత నిష్ఠాపరుడు, నాకు భయమేసింది అని చెప్పుకున్నాడు.

అప్పుడు కొట్టు వైపు తలుపు తెరుచుకుంది. మా ఆయన.

ఏదైనా కావాలేమో అనుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. ఒక ట్రే లాగి బోర్లించి, గుమ్మం పక్కన కూర్చున్నారు. వదినగారు కొంగు సర్దుకుంది. టైలరమ్మాయి లేవబోయింది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు, నాకు అసలే తోచలేదు. సిస్టరుగారొక్కరే తొణక్కుండా, అందరినీ అడిగినట్టే అడిగారు.

"అన్నయ్యగారూ, ఈ వారం మీ మనసెలా ఉందండీ?"

ఆయన భుజమ్మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకున్నారు. బేరం దగ్గర అలవాటు అది. ఇప్పుడు చూద్దాం అంటారని నాకు ఖాయంగా అనిపించింది. తువ్వాలు కింద వేళ్ళు కదిలాయి. తర్వాత ఆయన తువ్వాలు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"బాలేదమ్మా. ఆ ఓడలో ఆయనకి భయమేసినట్టు నాకూ భయమేస్తోంది" అన్నారు.

అప్పుడు చెప్పారు. సంక్రాంతికి ముందు పాత బాకీల పనని చెప్పి విజయవాడ వెళ్ళి గొంతు డాక్టరుకి చూపించుకున్నారట. ముక్కులోంచి గొట్టం వేసి చూశాడట. గొంతులో చిన్న కండలాంటిది ఉంది, తీసి పరీక్షకి పంపాలి, ఎప్పుడు చేద్దాం అని అడిగాడట.

"మీరేమన్నారు?" అన్నాను.

"చూద్దాం అని లేచి వచ్చేశాను."

"డాక్టరుతోనా? డాక్టరుతో చూద్దామేమిటండీ!"

"అలవాటే. బేరం కుదరకపోతే లేచి వచ్చేస్తాం కదా. నాలుగడుగులు వేస్తే అవతలివాళ్ళే తగ్గి వెనక్కి పిలుస్తారు. ఇది కూడా..." ఆయన మాట మింగారు. "తగ్గుతుందేమో అనుకున్నాను. అన్నయ్యకీ గొంతు బొంగురుతోనే మొదలైంది."

ఆ ఫొటో కింద కూర్చుని ఆయన ఇన్నాళ్ళూ ఏం మోశారో ఆ క్షణంలో నాకు తెలిసింది. కోపం, జాలి, భయం ఒకేసారి ముంచుకొచ్చాయి. అన్నిటికంటే వింతగా, ఏదో హాయి కూడా. మాట బయటికొచ్చింది కదా, ఇంక పట్టుకోవడానికి ఒక కొస దొరికింది.

"మరి గురువారాలు మానెయ్యమన్నారెందుకు?"

"ఈ గోడకి మీరు మాట్లాడేవన్నీ వినపడతాయి. ఒక్కొక్కళ్ళూ భయమేసింది, ఏడుపొచ్చింది అని చెప్పేస్తున్నారు. వింటూ కూర్చుంటే నా నోట్లోంచీ వచ్చేస్తుందేమోనని" అన్నారు. వదినగారు ముందుకి వంగి, "వచ్చేస్తేనే మంచిదయ్యా. మా ఆయనకి రాకే తోటంతా తిరుగుతున్నాడు" అంది. సలహా ఇవ్వకూడదన్న నియమం అక్కడ చెడింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఇంక బేరాల్లేవు. రెండు రోజుల్లో ముగ్గురం విజయవాడ వెళ్ళాం, సిస్టరుగారు కూడా వచ్చారు. ఆ కండ తీశారు. రిపోర్టు వచ్చేదాకా నేను మా అమ్మవారికి మొక్కాను, సిస్టరుగారు వాళ్ళ ప్రభువుని అడిగారు. ఇద్దరిలో ఎవరు విన్నారో మేం ఇంతవరకూ వాదించుకోలేదు. రిపోర్టు చూసి డాక్టరు మొహం విప్పారింది. క్యాన్సరు కాదు, ఏళ్ళ తరబడి అరిచి అరిచి వచ్చిన కాయ అన్నాడు. మామిడి వ్యాపారికి గొంతులో కూడా కాయేనా అని నాకు అక్కడే పగలబడి నవ్వొచ్చింది. బయటికొచ్చి వరండాలో గోడకి ఆనుకున్నాను. నవ్వు అలాగే ఏడుపైపోయింది. రిలీఫ్ అంటే ఊపిరి పీల్చుకోవడం అని ఎన్నిసార్లు చెప్పానో క్లాసులో, అదేమిటో ఆ రోజు తెలిసింది. గాలి పొట్టదాకా వెళ్ళింది.

కొన్నాళ్ళు మాట్లాడొద్దన్నారు ఆయన్ని. కారులో వస్తూ ఆయన తువ్వాలు చేతిమీద కప్పి, దాని కిందనుంచి నా చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ కలిపి నొక్కారు. అది ఏ ధరో నాకు తెలియదు, ఆ లెక్క నాకెవరూ నేర్పలేదు. ఆగిరిపల్లి దాటేదాకా వదల్లేదు. రోడ్డుకి రెండువైపులా తోటల్లో పిందె నిలబడి ఉంది.

ఉగాది నాటికి నా తర్జుమా అయిపోయింది. పుస్తకం ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. మా ఆయన మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు, గొంతు శుభ్రంగా ఉంది. ఇంతలో కాయల కాలం వచ్చేసింది. మొదట కలెక్టరు కాయ, వెనకాలే బంగినపల్లి, తర్వాత రసాలు. ఆ రోజుల్లో గోడౌనులో కాలు పెట్టే చోటు ఉండదు. లారీ వెనక లారీ, గడ్డి, ట్రేలు, ముక్కు బద్దలయ్యే వాసన. ఇంక వానలు పడేదాకా గురువారాలు లేవని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన్ని అడగలేదు. ఆ నెలల్లో ఆ గోడౌనే మా అన్నం.

గురువారం మధ్యాహ్నం, ఈసారికి రావద్దని అందరికీ చెబుదామని బయల్దేరాను. కొట్టు ముందు లారీ ఆగి ఉంది. ఎత్తేవాళ్ళు ట్రేలు భుజాలకెత్తుకుని గోడౌను వైపు నడుస్తున్నారు. అప్పుడు వినపడింది. వీధి చివర కిరాణా కొట్టాయన కూడా తల బయటపెట్టి చూశాడు.

"లోపల దించొద్దు! ఆగండక్కడే! గురువారం మధ్యాహ్నం ఆ గోడౌను ఆడవాళ్ళది. వాళ్ళు వెళ్ళేదాకా ఒక్క ట్రే కూడా లోపలికి పోకూడదు. నేను చెబుతున్నాను!"

"ఎండకి కాయ పోద్దండీ, మరి ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు మేస్త్రీ.

"మా ఇంటి హాల్లో పెట్టండి!"

నేను నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ఆ తల్లి అడిగిన ఆజ్ఞ ఆవిడకి ఎప్పటికీ రాలేదు. నాకు వచ్చింది, మానెయ్యమని కాదు, జరగాలని, వీధంతా వినేలా. నా కళ్ళనిండా నీళ్ళు. దగ్గరికి వెళ్ళి, "అంత గట్టిగా అరవొద్దన్నారు కదండీ డాక్టరు" అన్నాను. నోటికి వచ్చింది అదొక్కటే.

గోడౌను తలుపు తీసి చూశాను. గోడల పొడవునా నిన్నటి కాయలు పేర్చి, మధ్యలో మాకు చోటు వదిలి శుభ్రంగా ఊడ్పించారు. ట్రేలు బోర్లించి ఉన్నాయి, గుమ్మం పక్కన ఒకటి ఎక్కువ ఉంది.

"మీరూ వస్తారా?" అని అడిగాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"వస్తాను" అన్నారు.